గుటకలు

సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాళ్లకు దొరికే పనులు తక్కువే. గెస్ట్ లెక్చరర్‌గా ఏడాదికోసారి కొత్తగా అప్లికేషన్ పెట్టుకోవడం, ఎవరివో పుస్తకాలకు ప్రూఫులు దిద్దడం, అప్పుడప్పుడు అనువాదాలు. అలా వచ్చిన అనువాదాల్లో ఒకటి, పుట్టగానే ఊపిరి తీసుకోలేని బిడ్డల్ని ఎలా బతికించాలో లేబర్ రూముల్లో పనిచేసే నర్సులకు నేర్పే శిక్షణ పుస్తకం. పని ఇచ్చిన స్వచ్ఛంద సంస్థవాళ్లు "మీ థీసిస్ కాన్పుల గురించే కదా మేడం" అన్నారు. నా థీసిస్ తెలుగు కథల్లో మాతృత్వం గురించి. మాతృత్వం అనే మాటకీ కాన్పు అనే మాటకీ మధ్య ఎంత దూరం ఉందో ఆ పుస్తకంతో కూర్చున్న నాలుగు నెలల్లోనూ రోజూ కనిపిస్తూనే ఉంది.

మొదటి చిక్కు మాటలతోనే వచ్చింది. 'స్టిమ్యులేట్' అన్నచోట నాకంటే ముందు ఎవరో చేసిన ముసాయిదాలో 'ప్రేరేపించవలెను' అని ఉంది. ఊపిరి లేని బిడ్డని చేతుల్లో పెట్టుకున్న నర్సు ప్రేరేపించడం అంటే ఏమిటని ఆలోచిస్తూ నిలబడాలా? వీపు రుద్దండి, అరికాలు మీద చిన్నగా కొట్టండి అని రాశాను. 'గోల్డెన్ మినిట్' మరో చిక్కు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2010లో మొదలుపెట్టిన 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' అనే శిక్షణతో ఆ మాట ప్రపంచమంతా పాకింది. పుట్టిన అరవై సెకన్లలోపు బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకోవాలి, లేదంటే మనం ఊదడం మొదలుపెట్టాలి, అంతకుమించి ఆలస్యం చేయకూడదు అని దాని అర్థం. 'బంగారు నిమిషం' అని రాసి నర్సులకు చదివి వినిపిస్తే వాళ్లు నవ్వారు. "తులం ఎంతుందో చెప్పండి మేడం" అని ఒకామె. చివరికి 'మొదటి నిమిషం' అనే ఉంచాం. తల ఎలా పెట్టాలో చెప్పే చోట ఇంగ్లిషులో, వాసన చూస్తున్నట్టు, అని ఉంది. మెడ వంగిపోకూడదు, మరీ వెనక్కి వాలకూడదు, ముక్కు కాస్త పైకి ఉండాలి. అప్పుడే గాలి దారి తెరుచుకుంటుంది. "మల్లెపువ్వు వాసన చూసినట్టు అని రాయండి, ఇంక ఎవరూ మర్చిపోరు" అన్నది ఇరవై ఏళ్లుగా లేబర్ రూములో పనిచేస్తున్న ఒక స్టాఫ్ నర్సు. అలాగే రాశాను.

నాకు అంతకుముందు తెలియని విషయాలు చాలా ఉన్నాయి ఆ పుస్తకంలో. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులు నీటితో నిండి ఉంటాయి. ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది. పుట్టగానే ఆ నీరు ఇంకిపోయి గాలి నిండాలి. అప్పటిదాకా ఊపిరితిత్తుల్ని చాలావరకు తప్పించుకుని పోతున్న రక్తం వాటిలోకి మళ్లాలి. మనిషి జీవితంలో శరీరం ఇంత వేగంగా మారే సందర్భం ఇంకోటి ఉండదేమో. చాలామంది బిడ్డలు ఎవరి సాయమూ లేకుండా ఆ పని చేసేస్తారు. నూటికి అయిదు నుంచి పదిమందికి మాత్రం కొంత సాయం కావాలి. వాళ్లలో ఎక్కువమందికి పొడిబట్టతో తుడిచి వీపు రుద్దితే సరిపోతుంది. కొంతమందికి ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టి, బ్యాగ్ నొక్కుతూ నిమిషానికి నలభై నుంచి అరవైసార్లు గాలి ఊదాలి. గుండె మీద నొక్కడం, మందులు ఇవ్వడం దాకా పోయేది చాలా కొద్దిమంది. ఆ బ్యాగును అందరూ పిలిచే అంబు బ్యాగ్ అన్న పేరు 1956లో డెన్మార్క్‌లో తయారైన ఒక పరికరానిది. దానికి కరెంటు అక్కర్లేదు. నొక్కి వదిలితే తనంతట తానే గాలి నింపుకుంటుంది.

ఆక్సిజన్ సిలిండర్ కూడా అక్కర్లేదని తెలిసి ఆశ్చర్యపోయాను. నెలలు నిండిన బిడ్డకి మామూలు గాలి ఊదడం చాలు. దీన్ని నిరూపించినవాళ్లలో నార్వేకి చెందిన ఓలా సాగ్‌స్టాడ్‌తోపాటు మన ఢిల్లీ మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీ డాక్టర్ సిద్ధార్థ్ రామ్‌జీ ఉన్నారు. 1993లో ఢిల్లీలో చేసిన అధ్యయనం, 1998లో అనేక దేశాల్లో చేసిన అధ్యయనం వచ్చాక కూడా అంతర్జాతీయ మార్గదర్శకాలు మారడానికి 2010 దాకా పట్టింది. నూరు శాతం ఆక్సిజనే వైద్యం అనుకున్న అన్నేళ్లూ సిలిండర్ లేని ఊళ్లలో మేమేం చేయగలం అని చేతులెత్తేసినవాళ్లు ఎంతమందో.

సినిమాల్లో చూసినట్టు బిడ్డని కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి పిర్రల మీద కొట్టడం వద్దని పుస్తకంలో గళ్లు కట్టి మరీ రాసి ఉంది. అది హాని చేస్తుంది. ఈ ఒక్క గడి కోసమే పుస్తకం అచ్చువేసినా తప్పులేదు అనిపించింది.

నా థీసిస్ కోసం చదివిన కథల్ని ఆ రోజుల్లో మళ్లీ తిరగేశాను. నేను చదివినవాటిలో కాన్పు ఎక్కువగా తలుపు అవతల జరుగుతుంది. కథ చెప్పేవాడు వరండాలో ఉంటాడు. లోపల్నుంచి ఒక కేక, కాసేపు నిశ్శబ్దం, తర్వాత కేర్‌మన్న ఏడుపు. తలుపు తీసి నర్సు నవ్వుతుంది. లేదా తల వంచుకుంటుంది. రెండిటికీ మధ్య లోపల ఏం జరిగిందో కథకి అక్కర్లేదు. స్త్రీవాద కవిత్వం వచ్చి ఆ తలుపు తెరిచింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవితను చూసి ఇదీ కవిత్వమేనా అని ముఖం చిట్లించుకున్నవాళ్ల గురించి మనకు తెలుసు. దేహం నొప్పి అనే రెండు మాటల్ని సాహిత్యంలోకి తెచ్చినందుకు మనం ఇచ్చుకున్న వెల అది. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం ఇంకోవైపు నుంచి ఆ పని చేసింది. మా అమ్మ బీరువాలో దాని అట్ట చిరిగిన కాపీ ఒకటి ఉంది. అయినా బిడ్డ ఏడవని ఆ నిమిషం గురించి, బల్ల మీద పడుకుని ఆ నిశ్శబ్దాన్ని వింటున్న తల్లి గురించి రాసింది చాలా తక్కువ. ఎందుకు? బిడ్డ బతికితే ఆ నిమిషాన్ని మర్చిపొమ్మంటారు. బతక్కపోతే మాట్లాడొద్దంటారు.

నా కూతురు సిజేరియన్‌తో పుట్టింది. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఇందులో విశేషమేం లేదు. ఛాతీ మీద అడ్డంగా కట్టిన పచ్చ గుడ్డ అవతల నుంచి నేను విన్న మొదటి మాట "ఆడపిల్ల." ఏడుపు తర్వాత వచ్చింది. ఎన్ని సెకన్ల తర్వాతో నాకు తెలియదు. ఎవరో గదిలో ఒక మూలకి గబగబా నడిచారు. నా తల అటు తిరగదు. మత్తు డాక్టరు మానిటర్ చూస్తున్నాడు. ఆ మూలలో ఉన్నది వార్మర్ అని, దాని కింద బిడ్డని తుడిచి రుద్దారని తర్వాత తెలిసింది. దాన్నే ఈ పుస్తకంలో న్యూబార్న్ కేర్ కార్నర్ అన్నారు. కాన్పులు జరిగే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ అలాంటి మూల ఒకటి ఉండాలని నియమం. ఆ మూల తల్లికి కనబడేటట్టు ఉండాలని మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ సంఘటనలో నన్ను ఇప్పటికీ తొలిచేది ఆ మాటల వరస. బిడ్డ ఊపిరి తీసుకుందో లేదో ఇంకా ఎవరికీ తెలియకముందే లింగం తెలిసిపోయింది. శిక్షణలో నర్సులకు నేర్పే వరస వేరు. నెలలు నిండాయా, ఏడుస్తోందా లేక ఊపిరి తీసుకుంటోందా, కాళ్లూ చేతులూ ఆడిస్తోందా. ఈ మూడింటిలో ఆడా మగా లేదు. కానీ మాతో కూర్చున్న నర్సులు చెప్పింది వేరే. తలుపు బయట నిలబడ్డవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏం పుట్టింది?" అనేదేనట. చంటిబిడ్డల ప్రత్యేక చికిత్స విభాగాలు, ఎస్‌ఎన్‌సీయూలు అంటారు వాటిని, దేశం మొత్తం మీద వాటిలో చేరే ఆడపిల్లల సంఖ్య మగపిల్లల కంటే ఏటా తక్కువగానే ఉంటూ వచ్చింది. పుట్టుకతో ఆడపిల్ల గట్టిది. ఆ గట్టిదనం ఆసుపత్రి మెట్ల దగ్గర ఎందుకు పనికిరాకుండా పోతుందో డాక్టర్లు చెప్పలేరు, మనమే చెప్పాలి.

పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం వర్జీనియా ఆప్గార్ గురించి. నచ్చిందంటే అనువాదంలో ఎక్కువ కాలం దాని మీదే గడిపానని. 1909లో పుట్టిన ఈ అమెరికన్ డాక్టరుకి సర్జన్ కావాలని ఉండేది. కొలంబియాలో సర్జరీ విభాగాధిపతి అలెన్ విపుల్, ఆడవాళ్లకి సర్జరీలో బతుకుతెరువు దొరకదని, మత్తుమందు వైపు వెళ్లమని సలహా ఇచ్చాడు. అప్పట్లో మత్తు ఇవ్వడం చాలాచోట్ల నర్సుల పని, అంటే ఆడవాళ్ల పని. ఆమె వెళ్లింది. 1949లో ఆ మెడికల్ కాలేజీలో పూర్తి స్థాయి ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ అయింది. కాన్పుల గదిలో మత్తు ఇస్తూ, అందరి చూపూ తల్లి మీదో కత్తి మీదో ఉన్నప్పుడు, పక్కన పెట్టేసిన బిడ్డల్ని ఆమె చూసింది. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, రంగు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం పది. 1953లో అచ్చయిన ఆ చిన్న పట్టిక పుట్టిన బిడ్డని కూడా ఒక రోగిగా, అంటే చూడాల్సిన మనిషిగా, లెక్కలోకి తెచ్చింది. ఇప్పుడు ఆప్గార్ మార్కులు చూసి ఊదాలా వద్దా అని నిర్ణయించరు. ఆ మార్కులు వేసే సమయానికే నిమిషం గడిచిపోతుంది కాబట్టి. ఎలా ఉందో రాసి పెట్టుకోవడానికి వాడతారు.

ఇక రంగు దగ్గర నా కలం ఆగింది. ఒళ్లంతా గులాబీ రంగులో ఉంటే రెండు మార్కులు. మన ఇళ్లల్లో ఏ బిడ్డ గులాబీ రంగులో పుడుతుంది? డాక్టరు గారిని అడిగితే "ఆక్సిజన్ అందితే వచ్చే రంగు అని అర్థం అండీ, నాలుక, పెదవుల లోపల చూస్తాం" అన్నారు. మరి అలాగే రాద్దాం అన్నాను. "ఒరిజినల్‌లో పింక్ అని ఉందిగా" అన్నారు సంస్థవాళ్లు. నల్లగా పుట్టిందని పురిటి గదిలోనే పెదవి విరిచే సమాజంలో, 'ఎర్రగా బుర్రగా' ఉండడమే ఆరోగ్యం అనుకునే భాషలో, ఆ ఒక్క మాట పెట్టకుండా ఉండడానికి నేను రెండు మీటింగులు వాదించాల్సి వచ్చింది. నా వాదనకి బలం ఇంగ్లండ్ నుంచి దొరకడం తమాషా. అక్కడి జాతీయ ఆరోగ్య సేవకి అనుబంధంగా జాతి వివక్షను పరిశీలించే సంస్థ 2023లో ఒక సమీక్ష వేసింది. తెల్ల శరీరాన్ని ప్రమాణంగా పెట్టుకున్న ఈ రంగు పరీక్ష నల్లజాతి, ఆసియా బిడ్డలకు సరిగ్గా పనికిరాదని అందులో ఉంది. దాన్ని చూపించాక 'నాలుక, పెదవుల లోపలి భాగం' అన్న మాటలు పుస్తకంలోకి వచ్చాయి.

ఈ మొత్తం పనిలో నా నిఘంటువు మా అమ్మ. ఆమె హైదరాబాదులో నా దగ్గరే ఉంటుంది. పుట్టింది కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో, ఇప్పటి భూపాలపల్లి జిల్లా. చదివింది ఏడో తరగతి. మాయ, ఉమ్మనీరు, గుర్రపువాతం లాంటి మాటలకు నేను ఆమెనే అడిగేదాన్ని. "బిడ్డ ఉమ్మనీరు తాగింది" అని మనవాళ్లు మామూలుగా అనే మాటలో డాక్టర్లు చెప్పే రెండు మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయని ఆమెకి చెప్తే, "మాకు ఒక్కటే మాట దొరికె, అన్నిటికి అదే అంటిమి" అన్నది.

మంత్రసాని గురించి రాయకుండా ఈ విషయం రాయలేను. శిక్షణ పుస్తకంలో ఆమె లేదు. 2005లో జననీ సురక్ష యోజన వచ్చాక కాన్పులు ఆసుపత్రులకి మళ్లాయి. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఇప్పుడు నూటికి తొంభై ఆరు, తొంభై ఏడు కాన్పులు ఆసుపత్రుల్లోనే. 2009 నుంచి కేంద్ర ప్రభుత్వం నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో నర్సులకీ ఏఎన్‌ఎంలకీ ఊపిరి ఊదడం నేర్పిస్తోంది. మంచిదే. మంత్రసాని మాత్రం మన భాషలో సామెతగా మిగిలింది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని, ఇష్టంలేని పని నెత్తిన పడినప్పుడు ఆఫీసుల్లో మగవాళ్లు కూడా అంటుంటారు నవ్వుతూ. ఆ ఏదొచ్చినా పట్టిన చేతులు చాలాచోట్ల మాదిగ, మంగలి, చాకలి స్త్రీలవి. ఆ చేతుల్లో ఏ జ్ఞానం ఉందో చూడడానికి మీరా సద్గోపాల్, జానెట్ చావ్లా లాంటి కొద్దిమంది ప్రయత్నించారు. మాయ బయటికి వచ్చేదాకా బొడ్డు కోయకుండా ఆగడం దేశంలో అనేక ప్రాంతాల మంత్రసానుల పద్ధతి. బొడ్డుతాడుని ఆసుపత్రులు పుట్టగానే కత్తిరించేస్తూ వచ్చి, ఇప్పుడు కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే ఆగుతున్నాయి. బిడ్డ ఊపిరి తీయకపోతే బొడ్డు కోయకుండానే మాయని వేడిచేసే అలవాటు కూడా ఉండేది, ప్రాణం మాయలో ఉందని నమ్మకం. దీనికి మాత్రం ఆధారం లేదని, ఆ వేడి చేసే సేపట్లో ఊదాల్సిన సమయం పోతుందని డాక్టర్లు అంటారు. నేనూ అదే నమ్ముతాను. మంత్రసాని చేసిందంతా గొప్పదని చెప్పడానికి నేను ఇది రాయడంలేదు. ఆమెకి ఒక మాస్కూ ఒక బ్యాగూ ఇచ్చి, నొక్కడం నేర్పుదామని ఎవరికీ ఎందుకు తోచలేదన్నది నా బాధ.

తోచినవాళ్లు ఉన్నారు. గోదావరికి అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. దాని దక్షిణపు కొన సిరొంచలో తెలుగే మాట్లాడతారు. మా అమ్మమ్మ వాళ్లకి అక్కడ వియ్యపు సంబంధాలున్నాయి. ఆ జిల్లాలోనే, సిరొంచకి బాగా దూరంగా ఉత్తరాన, రాణీ బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్ దంపతులు పనిచేస్తున్నారు. పల్లెటూరి స్త్రీలలో నూటికి తొంభై రెండుమందికి స్త్రీ సంబంధ వ్యాధులున్నాయని 1989లో లాన్సెట్‌లో బయటపెట్టిన రాణీ బంగ్ పేరు మన పాఠకులకి కొత్త కాదు. 1990లలో వాళ్లు ముప్పై తొమ్మిది ఊళ్లలో కొద్దిగా చదువుకున్న స్త్రీలను ఎంచుకుని ఆరోగ్యదూతలని పేరుపెట్టి, ఇంట్లో పుట్టిన బిడ్డల్ని చూసుకోవడం నేర్పారు. మొదట మాస్కుకి గొట్టం తగిలించి నోటితో ఊదడం, తర్వాత బ్యాగుతో ఊదడం. మంత్రసానిని తప్పించలేదు. ఆమె తల్లిని చూసుకుంటుంటే ఆరోగ్యదూత బిడ్డని చూసుకునేది. నెలలోపు శిశుమరణాలు, పోల్చి చూసిన పక్క ఊళ్లకంటే, మూడో ఏటికి అరవై రెండు శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో వచ్చింది. ఇవాళ ఆశా కార్యకర్త బాలింత ఇంటికి లెక్కపెట్టి వెళ్లే పద్ధతి అక్కణ్ణుంచి వచ్చిందే.

ఈ భాగం అమ్మకి చదివి వినిపిస్తున్నప్పుడు ఆమె చేస్తున్న పని ఆపింది. చింతపండు ఈనెలు తీస్తోంది.

మా అమ్మకి నాకంటే ముందు ఒక ఆడపిల్ల. 1985లో, అమ్మకి పంతొమ్మిదేళ్లప్పుడు, పుట్టింట్లో కాన్పు. ఇంట్లో ఎప్పుడైనా ఆ మాట వస్తే "చచ్చిపుట్టింది" అనేవాళ్లు. అమ్మమ్మ అయితే "మంత్రసాని ఆలస్యం చేసింది" అని కలిపేది. అమ్మ ఏమీ అనేది కాదు. నేను పెద్ద పిల్లననే అనుకుంటూ పెరిగాను, అందరూ అలాగే పిలిచారు.

నేను 'గ్యాస్పింగ్' అనే మాటకి తెలుగు వెతుకుతున్నాను అప్పటికి వారంగా. ఊపిరి అందని బిడ్డ మొదట గబగబా ప్రయత్నించి ఆగిపోతుంది. ఆ దశలో రుద్దితే మళ్లీ మొదలవుతుంది. సాయం అందకపోతే ఉండుండి నోరు తెరుస్తుంది, ఆ తెరవడం కూడా బలహీనపడి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత రుద్దినా లాభంలేదు, గాలి ఊదాలి. గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ మధ్యలో వచ్చే నోరు తెరవడం చూడ్డానికి ఊపిరిలా ఉంటుంది, ఊపిరి కాదు. కొత్త నర్సులు మోసపోయేది అక్కడే. డాక్టరు గారు 'ఎగశ్వాస' అన్నారు. అది ముసలివాళ్ల చివరి ఘడియకి వాడే మాట. అమ్మకి ఇదంతా వివరించి, దీన్ని ఏమంటారమ్మా అని అడిగాను.

"గుటకలు" అన్నది. "గుటకలేసుడు. ఒడ్డున పడ్డ చేప లెక్క. నేను సూసిన."

ఎక్కడ చూశావు అని అడగక్కర్లేకపోయింది.

"సచ్చి పుట్టలే అది. అందరు గట్లనే అంటరు. నోరు తెరిసి నాలుగు గుటకలేసింది. నడుమనడుమ ఆపుకుంట. నేను పండుకున్న కాడికెల్లి కనిపించింది. సచ్చినోళ్లు గుటకలేస్తరా?"

మంత్రసాని ఏం చేసిందని అడిగాను. వీపు రుద్దిందట. చెవిలో ఊదిందట. ఇనుప గరిటె మీద మాయని వేడి పెట్టమని చెప్పిందట. అదేదీ పనిచేయక, నోట్లో నోరు పెట్టి ఊదుతానన్నదట.

"మీ అమ్మమ్మ వద్దన్నది."

అమ్మ అక్కడ ఆగింది. ఆమె ఆగిన చోట చెప్పాల్సింది నేనే చెప్తాను. మంత్రసాని మాదిగ వాడ నుంచి వచ్చేది. మాది ఊళ్లో భూమి ఉన్న కులం. కాన్పు చేయడానికి, మైల బట్టలు ఉతకడానికి, పురుడు తీరేదాకా బిడ్డకి నీళ్లు పోయడానికి ఆమె చేతులు కావాలి. మైల తీరిన రోజు నుంచి ఆమె గడప దాటకూడదు. పుట్టిన నిమిషంలో అందరూ మైలే, అందుకని ఆమె తాకొచ్చు. కానీ నోరు వేరే. ఎంగిలి వేరే. ఆ పసిబిడ్డ నోట్లోకి పోయే గాలికి కూడా కులం ఉందని మా అమ్మమ్మకి అనిపించింది. అమ్మమ్మ క్రూరురాలు కాదు. నన్ను పెంచిన మనిషి. ఆ రాత్రి తర్వాత ఏడాదిపాటు శివాలయానికి వెళ్లలేదని కూడా అమ్మే చెప్పింది. ఊదితే ఆ బిడ్డ బతికేదా అంటే ఎవరూ చెప్పలేరు, నేను డాక్టరు గారిని అడిగాను కూడా. గుటకల దశలో గుండె కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి బతికే అవకాశం ఉండేది అన్నారాయన. అంతే అన్నారు. మంత్రసాని మీద పడిన నింద మాత్రం ముప్పై తొమ్మిదేళ్లు మా ఇంట్లో నడిచింది. ఆమె చనిపోయి చాలా కాలమైంది.

చచ్చిపుట్టింది అన్న మాట గురించి ఆ తర్వాత వెతికాను. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. భారతదేశంతో సహా ఆరు దేశాల పల్లెటూళ్లలో కాన్పులు చేసేవాళ్లకి, వాళ్లలో మంత్రసానులూ ఉన్నారు, చంటిబిడ్డల సంరక్షణ నేర్పి చూశారు. మొదటి వారంలో చనిపోయే బిడ్డల సంఖ్య అనుకున్నంత తగ్గలేదు. ఎవరూ ఊహించనిది ఒకటి తగ్గింది: చచ్చిపుట్టిన బిడ్డల సంఖ్య. చచ్చిపోయిన బిడ్డకి ఎవరు ఏం నేర్చుకుంటే మాత్రం ఏం లాభం? వాళ్లు చచ్చి పుట్టలేదన్నమాట. ఊపిరి లేక, కదలిక లేక, గుండె మాత్రం ఎవరికీ వినబడకుండా కొట్టుకుంటూ ఉన్న బిడ్డల్ని చచ్చిపుట్టినవాళ్ల గడిలో రాస్తూ వచ్చారు. ఆ గడిలో రాస్తే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. పుట్టినట్టు నమోదు ఉండదు, చనిపోయినట్టూ ఉండదు. తల్లి చూసిన గుటకలకి సాక్ష్యం విలువ లేదు. స్త్రీల అనుభవం, స్త్రీల గొంతు అని నేను నా థీసిస్‌లో రెండొందల పేజీలు రాశాను. ఆ మాటలు ఒక రిజిస్టరులో గడి మారిస్తే ఎంత బరువెక్కుతాయో అందులో ఎక్కడా లేదు.

పుస్తకంలో ఒక మార్పు అడిగాను. బిడ్డకి ఊదుతున్నప్పుడు తల్లికి ఏం జరుగుతోందో చెప్పాలని చివర్లో ఒక్క వాక్యం ఉంది. దాన్ని ముందుకి తెచ్చి, ఏం చెప్పాలో మాటలతో సహా రాద్దామన్నాను. సంస్థవాళ్లకి ఇది వైద్యం కాదనిపించింది. నర్సుల్ని అడగమన్నారు. అడిగితే మొదట నవ్వారు. అంత హడావుడిలో మాట్లాడ్డమేంటని. తర్వాత ఒక్కొక్కరూ తాము ఏమంటారో చెప్పారు. "ఏం కాదమ్మా" అంటామన్నారు కొందరు, అది అబద్ధం కావొచ్చని వాళ్లకీ తెలుసు. ఒకామె ఏమీ అననన్నది. మల్లెపువ్వు చెప్పిన నర్సు అన్నది, "రెండు చేతులూ బ్యాగు మీదుంటయి. నోరు ఖాళీనే గద మేడం. బిడ్డకు ఊపిరి ఇస్తున్నం, గుండె కొట్టుకుంటున్నది, మీ పక్కనే ఉన్నది అని నేను చెప్పుకుంటనే ఉంట." ఆ మూడు ముక్కలూ అలాగే పుస్తకంలో ఉన్నాయి.

పుస్తకం అచ్చయి వచ్చాక అమ్మ ఒక కాపీ అడిగింది. అక్షరాలు పెద్దగా ఉన్నాయి, మంచిగుంది అన్నది. తన మాట ఉన్న పేజీ ఎక్కడో చూపించమన్నది. 'గుటకలు వేయడం ఊపిరి కాదు. ఆగవద్దు. వెంటనే బ్యాగుతో ఊదడం మొదలుపెట్టండి.' వేలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇది వీళ్లకు ఎప్పటి సంది తెలుసు?"

ఇంగ్లండ్‌లో జెఫ్రీ డాస్ అనే ఆయనా ఆయన తోటివాళ్లూ గొర్రెపిల్లల మీదా కోతిపిల్లల మీదా చూసి 1960లలోనే చెప్పారమ్మా అన్నాను.

లెక్క వేసుకుంది. "అంటే నేను తొట్టెల ఉన్నప్పటి సంది" అన్నది.